మాతృభాష గడి

మా మనవరాలిని ఒకటో తరగతిలో చేర్చడానికి విశాఖపట్నంలో ఓ పెద్ద స్కూలువాళ్లు ఇచ్చిన దరఖాస్తును ఇవాళ పొద్దున్నే నా ముందు పెట్టి వెళ్లింది మా అమ్మాయి. నా చేతిరాత బాగుంటుందని ఇంట్లో ఫారాలన్నీ నాకే తోస్తారు. పేరు, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూపు వరకూ పెన్ను చకచకా నడిచింది. 'ఇంట్లో మాట్లాడే భాష' అన్న గడి దగ్గర ఆగిపోయింది. వంటింట్లోంచి మా అమ్మాయి, "అక్కడ ఇంగ్లిష్ అని రాసీయండి నాన్నా, తెలుగంటే ఇంటర్వ్యూకి కూడా పిలవరట" అంది. దాని పక్కనే మా మనవరాలు అచ్చ తెలుగులో ఇడ్లీ వద్దని ఏడుస్తోంది.

ఈ గడితో నాకు పాత పరిచయం. అరకు లోయలో ఓ ప్రభుత్వ హైస్కూల్లో పద్దెనిమిదేళ్లు తెలుగు చెప్పాను. టౌను బడి అని పేరేగాని టౌను పిల్లలెవరూ అందులో ఉండేవారు కాదు. కొట్లవాళ్ల పిల్లలు, లాడ్జీలవాళ్ల పిల్లలు టై కట్టుకుని పసుపు బస్సుల్లో ప్రైవేటు స్కూళ్లకి పోయేవారు. మా టీచర్ల పిల్లలు విశాఖలో చదివేవారు, మా అమ్మాయితో సహా. మేం పాఠాలు చెప్పే బడికి మా పిల్లల్ని పంపకూడదన్న తెలివి మా అందరికీ ఉండేది. ఇక మిగిలింది కొండల మీది ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు. వాళ్లలో కొందరు ఇళ్లలో కువి మాట్లాడతారు, కొందరు ఆదివాసీ ఒడియా. ఇన్నేళ్లలో ఆ రెండు భాషల్లోనూ నాకు పట్టుబడినవి సంతలో నాటుకోడిని బేరమాడడానికి సరిపడా మాటలు. ఆ బేరంలో మాత్రం నేను దిట్టనని స్టాఫ్‌రూమ్‌లో పేరు.

ఏటా పిల్లల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని కూడా నా నెత్తినే పడేది. కులం, తెగ, ఆధార్ అన్నీ నింపాలి. సిగ్నల్ స్టాఫ్‌రూమ్ కిటికీ దగ్గర ఒక్కచోటే అందేది, మంచు కమ్మిన రోజున అదీ లేదు. మాతృభాష గడిలో మొదటే తెలుగు ఉండేది. వేరే భాష కావాలంటే జాబితా తెరవాలి. అది తెరుచుకునేలోగా స్క్రీను తెల్లబడిపోయేది, మళ్లీ మొదటి నుంచి ఎక్కించాలి. అందుకని అందరికీ తెలుగే కొట్టేవాణ్ణి. పిల్లల్ని అడగలేదు. అడిగితే ఏం చెబుతారో నాకు తెలుసు గనక అడగలేదు. ఒక ఏడాది, ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలకు పాఠాన్ని వాళ్ల భాషలో విడమరిచి చెప్పడానికి బడికొక మనిషిని ఇస్తారని కబురొచ్చింది. మా బడికి ఎవరూ రాలేదు. కంప్యూటరు లెక్కలో మా బడిలో అలాంటి పిల్లలు ఒక్కరూ లేరు. మనకెందుకు రాలేదండీ అని హెడ్మాస్టరు అడిగితే, మన పిల్లలకి తెలుగు బాగానే వచ్చు సార్ అన్నాను.

ఆ ఏడాది పదో తరగతిలో హుకుంపేట వైపు కొండ ఊరి పిల్ల ఒకతె ఉండేది. లెక్కల మాస్టారు బోర్డు మీద రాయడం ముగించేలోగా జవాబు చెప్పేసేది. పది గట్టెక్కితే పాలిటెక్నిక్‌లో చేర్పిస్తానని ఆయన మాటిచ్చారు. ఆ పిల్ల దరఖాస్తు కాగితం ముందే తెప్పించుకుని లెక్కల పుస్తకంలో దాచుకుంది. నా క్లాసులో మాత్రం నోరు విప్పేది కాదు. పద్యం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేది, భావం అడిగితే నేలచూపులు చూసేది. ఏమ్మా, ఇవాళ కూడా మౌనవ్రతమేనా అనేవాణ్ణి. క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి. అది తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అర్ధసంవత్సర పరీక్షలో మీ ఊరి సంత గురించి రాయమంటే నాలుగు వాక్యాలు తెలుగులో రాసి, ఆపైన పేజీన్నర తన భాషలో, తెలుగు అక్షరాలతో రాసింది. పైకి చదవగలిగాను గాని ఒక్క మాటా అర్థం కాలేదు. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. ఏడాది మొత్తంలో ఆ పిల్ల నాతో మాట్లాడింది ఆ పేజీన్నరే.

పబ్లిక్ పరీక్షలో మిగతావన్నీ పాసై, తెలుగు ఒక్కటీ తప్పింది. హిందీకి ఇరవై మార్కులు చాలు, అది మన ఇంటి భాష కాదని సర్కారుకి తెలుసు. తెలుగుకి ముప్పై అయిదు రావాలి. సప్లిమెంటరీలోనూ మూడు మార్కులు తగ్గాయి. పాసైనవాళ్ల శాతం ఎందుకు పడిపోయిందని పైవాళ్లు సంజాయిషీ అడిగితే, పిల్లలు పండగలకని కొండెక్కి బడికి సరిగ్గా రావడం లేదని రాసి పంపాం. ఆ పిల్ల ఒక్కరోజు కూడా మానలేదు.

వానలు పట్టాక తండ్రితో కలిసి టీసీ కోసం వచ్చింది. అతను తడిసిన గొడుగు మూసి గుమ్మం బయటే నిలబడి, "మా గుంటకి లెక్కలు బాగొస్తాయని అందరూ అన్నారు గదా బాబూ, మరి ఏటయింది?" అని అడిగాడు. నేను టీసీ నింపే వంకతో తల దించుకున్నాను. అందులోనూ ఉంది మాతృభాష గడి. అప్పుడైనా నిజం రాయొచ్చు. రాస్తే కంప్యూటర్లో ఉన్నదానికీ దీనికీ పొంతన కుదరదు, ఈసారి సంజాయిషీ నేనిచ్చుకోవాలి. రిటైర్మెంటు దగ్గరపడింది. తెలుగు అనే రాసి ఇచ్చాను.

ఆ పిల్ల కాగితం మీద వేలు పెట్టి నెమ్మదిగా ఒక్కో వరసా చదువుకుంది. ఆ గడి దగ్గర వేలు ఆగింది.

"తెలుగు తప్పినానని మార్కుల కాయితంలో రాసినారు. నా భాస తెలుగేనని ఈ కాయితంలో రాసినారు. ఏది అబద్దం మాస్టారూ?"

రూల్ అలా ఉందమ్మా అన్నాను. ఆ జవాబునే తండ్రికి తమ భాషలో చెప్పింది కాబోలు, అతను నాకు దణ్ణం పెట్టి గొడుగు తెరిచాడు. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల పాలిటెక్నిక్ కాగితాన్ని లెక్కల మాస్టారి బల్ల మీద పెట్టేసింది. తర్వాత ఏమైందో కనుక్కుందామనుకుంటూనే నేను రిటైరై కొండ దిగిపోయాను.

"రాసీసారా నాన్నా? బేగి ఇవ్వండి, ఆఫీసుకి వెళ్తూ ఇచ్చేస్తాను" అని మా అమ్మాయి మళ్లీ అడుగుతోంది. ఒక్కో పిల్లకి ఈ గడి నింపడానికి నాకు అప్పట్లో ఒక్క క్షణం పట్టేది. ఇవాళ పొద్దున్నుంచీ పెన్ను పట్టుకుని దీని ముందే కూర్చున్నాను.