కణుపు లేని ఆకు

నా చిన్నప్పుడు మొక్కల్లో నాకు తెలిసినవి రెండే రకాలు. తినేవి, తలలో పెట్టుకునేవి. మాది సముద్రం ఒడ్డున ఊరు. ఆ ఉప్పుగాలికి మా వాకిట్లో మునగచెట్టు తప్ప ఏదీ నిలిచేది కాదు. ఆరో తరగతికి నన్ను నెల్లూరులో మా పెద్దమ్మ ఇంట్లో పెట్టినప్పుడు, హాల్లో కిటికీ ఊచలకు అల్లుకున్న తీగను చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇంటి లోపల మొక్క పెంచుతారని నాకు అప్పటిదాకా తెలియదు.

దాని పేరు హోయా అట. పెదనాన్న బెంగుళూరులో పనిచేసినప్పుడు పెద్దమ్మ తెచ్చుకున్న చిన్న ముక్క అంతగా పాకింది. ఆకులు మందంగా, మైనం పూసినట్టు మెరిసేవి. వారానికోసారి పెద్దమ్మ ఒక్కో ఆకునూ తడిగుడ్డతో తుడిచేది. నా తల దువ్వడానికి మాత్రం ఆమెకు తీరిక చిక్కేది కాదు.

నేను వెళ్ళిన ఏడాదే అది మొదటిసారి పూసింది. ఏడేళ్ళుగా ఎదురుచూసిందట పెద్దమ్మ. ఒకే కాడకు గుత్తిగా, లేత గులాబీ రంగులో చిన్న చిన్న నక్షత్రాలు. ఆ శుక్రవారం ఆమె తలస్నానం చేసి వచ్చేలోపల మెప్పు కొట్టేద్దామని, గుత్తిని కాడతో సహా తెంచి దేవుడి పటానికి పెట్టాను. మా ఊళ్ళో పువ్వు పూసిందంటే దేవుడికో జడకో చేరాల్సిందే. చెట్టుకే వదిలేస్తే ఇంట్లో ఆడవాళ్ళకు ఒళ్ళు వంగదని అనుకునేవారు.

పెద్దమ్మ కొట్టలేదు, తిట్టలేదు. పటానికున్న గుత్తిని ఒకసారి చూసింది. తర్వాత కత్తెర తెచ్చి, తీగ నుంచి ఒక ఆకు కోసి, చిన్న కుండీలో గుచ్చి నా చేతికిచ్చింది. అది తీగ సాగిన రోజు హాల్లోకి రావచ్చని, అందాకా నా తిండీ చదువూ పడకా అన్నీ వెనక వరండాలోనేనని చెప్పింది. నాకు కోపం రాలేదు. శిక్ష వేస్తూ కూడా మొక్క ఇచ్చిందే అని ఆమె మంచితనానికి పొంగిపోయాను.

హాల్లో రేడియో పెడితే వరండా గోడకు చెవి ఆనించి వినేదాన్ని. చుట్టాలొస్తే వెనక నుంచే మంచినీళ్ళు అందించేదాన్ని. నా ఆకు మాత్రం వాడలేదు. మెల్లగా లాగి చూస్తే వేరు కూడా పట్టింది. ఇక నేడో రేపో అనుకుని, రోజూ బడికి పోయేముందు వంగి దాని మొదట్లో చిగురు కోసం వెతికేదాన్ని. నీళ్ళు ఎక్కువయ్యాయేమో, తక్కువయ్యాయేమో, అసలు నా చెయ్యే మంచిది కాదేమో అనుకుంటూ నాలుగేళ్ళు దాటించాను.

పదో తరగతి పరీక్షలయ్యాక మా నాన్న తీసుకుపోవడానికి వచ్చాడు. నేను కుండీ పట్టుకుని హాలు గుమ్మం బయటే నిలబడి, ఇంకా చిగురు రాలేదు పెద్దమ్మా అని తప్పు చేసినదానిలా చెప్పాను. ఆమె ఆకులు తుడవడం ఆపలేదు.

“రాదుమే. చిగురేసే కణుపు లేకుండా కోసిచ్చినా గదా. కణుపు లేని ఆకు వేరు పడతాది, పచ్చగా ఉంటాది, తీగ మాత్రం సాగదు. ఈ చెట్టు పాత కాడకే ఏటేటా పూస్తాది. దాన్ని నువ్వు తెంచినావు. నేను ఎదురుచూసినట్టు నువ్వు కూడా కొన్నేళ్ళు చూడాలనే ఇచ్చినా.”

ఊరికి పోయే బస్సులోంచి ఆ కుండీని బయటికి విసిరేశాను. ఏడుపు కూడా రాలేదు.

పెళ్ళయ్యాక నేనూ నెల్లూరులోనే స్థిరపడ్డాను. ఇప్పుడు మా హాల్లో పదకొండు రకాల హోయాలున్నాయి. ఆ పిచ్చి ఎక్కడ అంటుకుందో వేరే చెప్పాలా. కొన్నేళ్ళ క్రితం పెద్దమ్మ నెల రోజులు ఆస్పత్రిలో ఉంటే, పనిమనిషి పాపం ప్రేమకొద్దీ రోజూ నీళ్ళు పోసి ఆ తీగను వేళ్ళతో సహా కుళ్ళబెట్టింది. ఒక్క ముక్క తెచ్చిపెట్టమని పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. అప్పటికి నాకు యాభై దాటాయి. పిల్లల పెళ్ళిళ్ళు చేసినదాన్ని. కత్తెర తీసుకుని, కణుపును తీగకే వదిలేసి, ఒక ఆకు కోశాను. చాలా సంతోషం వేసింది, ఆ మాట దాచను.

పెద్దమ్మకు అప్పటికే చూపు ఆనడం లేదు. ఆకు చేతిలో పెడితే బొటనవేలితో దాని మొదలు తడిమింది. ఒకసారి కాదు, రెండుసార్లు తడిమింది.

“నా ఇంట్లో పెరిగినదానివి గదా,” అన్నది. కుండీలో గుచ్చి మంచం పక్కన పెట్టమన్నది.

తెలిసి తెలిసి ఆ ఆకును తను పోయేదాకా రెండేళ్ళు పెంచింది. వారానికోసారి తడిగుడ్డ అడిగి తనే తుడిచేదని పనిమనిషి చెప్పింది. ఆమె పోయాక ఆ కుండీ నా దగ్గరికి చేరింది.

ఇప్పుడు ఎవరు కొమ్మ అడిగినా రెండు కణుపులుండేలా కోసి, వాళ్ళ వేలితో తడిమి చూడమని మరీ ఇస్తాను. నాది మంచి చెయ్యి అంటారు అందరూ. పెద్దమ్మ ఆకు ఇంకా మా హాల్లోనే, పచ్చగానే ఉంది. అది ఎన్నటికీ సాగదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా పొద్దున్నే నీళ్ళు పోసేటప్పుడు, వంగి దాని మొదట్లో చిగురు కోసం వెతుకుతాను.