వల కింద లేని రెండు పేర్లు

సుశీల్ కుమార్ మాట్లాడిన వీడియోను ఎలిశబెతు రొయ్యల గుంట గట్టు మీద కూర్చుని చూసింది. అతని వెనుక గోడంత వల వేలాడుతోంది. "ఈ వల నా రెండేళ్ల శ్రమ" అంటున్నాడు అతను.

ఆ వల అల్లింది ఎలిశబెతు, ఆమెతో కలిసి పనిచేసే చెంచమ్మ. సుశీల్ కుమార్ చిత్రకారుడు. నెల్లూరులో పుట్టి చెన్నైలో స్థిరపడ్డాడు. వల అల్లినన్నాళ్లూ వాళ్ల ఊరు అల్లూరు వచ్చి, ఎలిశబెతు పంచలో కూర్చుని, ఆమె పెట్టిన చేపల పులుసు తిని, "ప్రదర్శనలో గోడ మీద మీ ఇద్దరి పేర్లూ రాయిస్తాను" అని మాటిచ్చాడు. కూలి ఎగ్గొట్టలేదు, ఆ సంగతి చెప్పుకోవాలి. పేర్లు ఎగ్గొట్టాడు.

వీడియో అయిపోయాక ఎలిశబెతు, చెంచమ్మ ఫోను ఆమె చేతికి తిరిగి ఇచ్చేసింది. "పోనీలేమే" అని మళ్లీ సూది అందుకుంది.

చిరిగిన వలలు బాగుచేయడం ఆమె పని. పక్షులు వాలకుండా గుంటల మీద కప్పేవి, రొయ్యలు పట్టేవి, ఏవైనా సరే. వల సూదీ కాస్త నైలాన్ దారమూ ఎప్పుడూ సంచిలో ఉంటాయి. ఎక్కడ చిల్లు కనపడినా చెయ్యి ఊరుకోదు. చర్చి ఆవరణలో పిల్లలు ఆడుకునే బ్యాడ్మింటన్ వలను కూడా ఎవరూ అడక్కుండానే బాగుచేసి పోతుంటుంది. ఇప్పుడు వేళ్ల కణుపులు వాచాయి. పొద్దున లేచేసరికి పిడికిలి మూసుకోదు. ఇంత పెద్ద వల తాను మళ్లీ అల్లలేనని ఆమెకు తెలుసు.

కొన్నాళ్లు ఆ ఊసెత్తలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఉన్నట్టుండి చెంచమ్మతో అంది: "మా చర్చిలో ఫ్యాను రెక్క మీద గూడా ఇచ్చినోళ్ల పేరుండాది మే. జయరామయ్య గారి కొడుకు ట్యూబులైటు ఇస్తే దాని మీద గూడా రాయించుకున్నాడు."

"ట్యూబులైటు ఎలగతా ఉండాదా?"

"లేదు. పేరు మాత్రం బాగా కనపడతాది."

చెంచమ్మ నవ్వి, తర్వాత నవ్వు ఆపింది. "పోయి అడుగుదాం అక్కా. నెలాఖరుకి ఆ వల దించేస్తారంట. మరిచిపోయినాడేమో ఆయన. మనల్ని చూస్తే రాయిస్తాడు."

అలా బయల్దేరారు. నెల్లూరులో రైలెక్కి, సూళ్లూరుపేటలో మారి, చెన్నై లోకల్లో కిటికీ పక్కన చోటు దొరక్క నిలబడే వెళ్లారు. గ్యాలరీ పేరు చెంచమ్మ ఫోన్లో, ఆ వీడియోలో ఉంది. గుమ్మిడిపూండి దాటాక ఛార్జింగ్ అయిపోయి ఫోను ఆరిపోయింది.

"పేరేంది మే అది?" అంది ఎలిశబెతు.

"ఇంగ్లీషులో ఉండింది అక్కా. నాకేం తెలుసు. అడగతా పోదాం, దొరక్కపోతాదా."

చెన్నైలో దిగి కార్పొరేషన్ వాళ్ల చవక క్యాంటీన్లో నిలబడి ఇడ్లీ తిన్నారు. ఎలిశబెతు పళ్లెం పట్టుకుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటుంటే, చేతులు కడుక్కునే కుళాయికి అడ్డం నిలబడిందని వెనకున్నవాళ్లు తమిళంలో గొణిగారు. ఇడ్లీ మెత్తగా ఉంది. ఈ ఊళ్లో ఎవరేమిటని చూడకుండా వాళ్లకు మర్యాద చేసినది అదొక్కటే.

బొమ్మల గ్యాలరీ అని అడిగితే ఆటో అతను ఒక తెల్లటి భవనం ముందు దింపాడు. లోపల గదినిండా ప్లాస్టిక్ బకెట్లు. పైనుంచి ఒక్కో చుక్కా పడుతోంది. చెంచమ్మ తలెత్తి చూసింది. "పాపం, స్లాబు కారతా ఉన్నట్టుండాది. చెప్పి పోదామా?" కాపలా మనిషి నోటి మీద వేలు పెట్టాడు. వల అక్కడ లేదు.

రెండోచోట చీకటి గదిలో గోడ మీద సముద్రం కదులుతోంది. శబ్దం లేదు. బల్ల ఉంది, చల్లగా ఉంది. ఎలిశబెతు చెప్పులు విడిచి కాళ్లు పైకి పెట్టుకుంది. "పొద్దస్తమానం సముద్రం పక్కన బతకతా, దీన్ని చూసేదానికి ఇంత దూరం వచ్చినాము" అంది చెంచమ్మ. ఎలిశబెతు అప్పటికే నిద్రపోయింది. లేపబుద్ధి కాక చెంచమ్మ కూడా ఆ మూగ సముద్రాన్ని చూస్తూ కూర్చుంది. అక్కడా వల లేదు.

మధ్యాహ్నానికి కాళ్లు లాగేస్తున్నాయి. ఒక సందులో తెలుగు బోర్డున్న మెస్సు కనపడింది. అరిటాకు వేసి, పప్పు, గోంగూర, పొడి, నెయ్యి, అప్పడం వడ్డించారు. ఎలిశబెతు ప్రార్థన ముగించి కళ్లు తెరిచేసరికి ఆకులో అప్పడం లేదు.

"దేవుడు తీసుకున్నాడు అక్కా" అంది చెంచమ్మ నములుతూ.

వడ్డిస్తున్న మనిషి వాళ్ల యాస విని నవ్వాడు. "అల్లూరు పక్కోళ్లా? మాది దొరవారిసత్రం" అన్నాడు. అతని పేరు సమాధానం, చర్చిలో పెట్టిన పేరు. ఇంకో రెండు అప్పడాలు తెచ్చి వేశాడు. వాళ్లు వచ్చిన పని విన్నాక గరిటె ఆపాడు. "పెద్ద వల, కింద లైట్లు, అదేనా? ఆ ఆఫీసోళ్లకి రోజూ కేరియర్ తీసకపొయ్యేది నేనే గదా. ఈడికి నాలుగు సందులు. తినండి, నేనే చూపిస్తా."

వల అక్కడే ఉంది. కప్పు నుంచి నేల దాకా వేలాడుతోంది. దాని నీడ గోడంతా పరుచుకుంది. ఎలిశబెతు కాసేపు అలాగే నిలబడింది. ఇన్నాళ్లూ మడతలుగా, ఒడిలో బరువుగా తప్ప దాన్ని ఆమె ఇలా కళ్లెదుట నిలువునా చూడలేదు.

అప్పుడు ఆమెకు వీడియోలో కనపడని పెద్ద చిల్లు నడుమ కనపడింది.

"లారీలో చింపేసినట్టుండారు" అని గొణుక్కుని, సంచిలోంచి సూది తీసి, చిల్లు దగ్గర నిలబడి, తెగిన వల కన్ను పట్టుకుని ముడి వేయడం మొదలుపెట్టింది. చెంచమ్మ అటువైపు అంచు పట్టుకుంది. నొప్పి వేళ్లు మెల్లగా కదిలాయి. కొంత మేర కట్టేశాక గాని అక్కడ పనిచేసే తెలుగమ్మాయి, అనూష, చూడలేదు. పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అమ్మా, ముట్టుకోకూడదు. ఏం చేస్తున్నారు మీరు?"

"చిరిగిపొయ్యుండాది పాపా. కట్టేస్తా ఉండాము. ఇది మేం అల్లిందే."

అనూష వాళ్ల వేళ్ల వైపు, ముడుల వైపు చూసింది. గొంతు తగ్గించింది. "చిరగలేదమ్మా. సుశీల్ సారే కత్తిరించారు. అదే ఇందులో ముఖ్యం." గోడ మీద ఇంగ్లీషు కార్డు ఉంది. ఏముందో చదవమంది చెంచమ్మ. అనూష తెలుగులో చెప్పింది: "మధ్యలో ఉన్న ఖాళీ, పేర్లు ఎవరికీ తెలియని పల్లె స్త్రీల చేతులకు నివాళి." కింద ఒకే పేరు. సుశీల్ కుమార్.

"మా పేర్లు తెలీనిదెవురికి?" అంది ఎలిశబెతు. గొంతు పెంచలేదు. "ఆయనకి తెలుసు గదా పాపా. ఎలిశబెతమ్మా, ఇంకొంచెం పులుసెయ్యి అని అడిగి తిన్నాడే."

"నన్నైతే చెంచక్కా అని పిలిచేవోడు" అంది చెంచమ్మ. "ఇప్పుడు నివాళి అంట. చచ్చిపోయినోళ్లకి గదా పెట్టేది."

అనూష సుశీల్ కుమార్‌కి ఫోన్ చేసింది. అవతలి మాట వినపడలేదు. ఇవతల "సరే సార్, సరే సార్" అనడం వినపడింది. వాళ్ల మనసు తనకు అర్థమవుతుందని, పేర్ల సంగతి వచ్చే ప్రదర్శనలో చూద్దామని, కట్టిన ముడులు మాత్రం వెంటనే కత్తిరించమని చెప్పాడట. అనూష కత్తెర తెచ్చింది.

"కత్తెర వద్దు" అంది ఎలిశబెతు. "పక్క కన్ను తెగతాది." తన ముడులను తానే ఒక్కొక్కటీ విప్పింది. కట్టడానికి పట్టిన సమయం కన్నా విప్పడానికే ఎక్కువ పట్టింది. చిల్లు మళ్లీ చిల్లయ్యాక దారం చుట్టి సంచిలో పెట్టుకుంది.

అనూషకు ఏమనిపించిందో, బల్ల మీది తెల్ల కాగితం ముక్క చింపి, "అల్లినవారు: ఎలిశబెతు, చెంచమ్మ, అల్లూరు" అని రాసి ఆ కార్డు కింద టేపుతో అంటించింది. ఎలిశబెతు దగ్గరికి వెళ్లి దాన్ని చూసింది. అక్షరాలు కూడబలుక్కుని తన పేరు చదువుకుంది. ఫోటో తీద్దామంటే ఫోను ఆరిపోయి ఉంది.

తిరుగు రైల్లో చోటు దొరికింది. దారిలో చెంచమ్మ, "ఆ పిల్ల రాత బాగుండాది" అంది.

మర్నాడు గ్యాలరీకి కేరియర్ తీసుకెళ్లిన సమాధానం, చెంచమ్మ ఇచ్చిపోయిన నంబరుకి ఫోన్ చేశాడు. కాగితం లేదు. సార్ తీసేయమన్నారట. అనూష అడ్డు చెప్పబోతే, "ఇన్నాళ్లలో ఎవరు అల్లారని ఒక్కరైనా అడిగారా?" అన్నారట. ఎవరూ అడగలేదన్నది నిజమే.

ఎలిశబెతు ఆ మాట విని "పోనీలే" అనలేదు. పిడికిలి మూసుకునేదాకా వేళ్లు నలుపుకుంటూ కూర్చుంది.

కాబట్టి ఇది చదివిన మీతోనే పని. మీరు చెన్నైకో, హైదరాబాదుకో, విజయవాడకో పోతారు. చవగ్గా భోంచేసి, ఎండ తగ్గేదాకా ఏ చల్లని గ్యాలరీలోనో తిరుగుతారు. అక్కడ వల గాని, చాప గాని, బొంత గాని, కుండ గాని గోడెక్కి కనపడితే ఊరికే ఫోటో తీసుకుని వచ్చేయకండి. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లను అడగండి: దీన్ని చేత్తో చేసింది ఎవరు, పేరేమిటి, ఊరేమిటి? తెలియదంటే కనుక్కుని చెప్పమనండి. మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ అడగండి. మీ వెంట వచ్చినవాళ్ల చేత కూడా అడిగించండి. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే అనూష లాంటి పిల్ల అంటించిన కాగితాన్ని పీకేయడం అంత సులువు కాదు.