ఓడ తాత నీలిమంట పరీక్ష

మా తాత ఓడలవాడు. తెరచాప ఓడ మీద కాకినాడ నుంచి రంగూన్‌కు ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్క లేదు. ప్రతిసారీ తాగే వెళ్ళాడు. తాగని రోజున దారి తప్పేవాడట, తూలిన రోజున ఓడ సూటిగా పోయేదట. ఒకసారి తుఫానులో ఓడ నడిపే సరంగు తెరకొయ్యను కావలించుకుని వదలనంటే, భయమా అని అడిగారట. "నాకు కాదు, కొయ్యకు. పడిపోయేలా ఉంది, పాపం" అన్నాడట. మరోసారి ఇద్దరు ఖలాసీలు పూటుగా తాగి ఒడ్డుకు దిగి, నేల ఊగడం లేదని హడలిపోయి మళ్ళీ ఓడెక్కేశారట.

ఈ అరబ్బు దేశంలో, అల్ రువైస్ రేవు వెనక మా గదిలో ఈ కథలకు మంచి గిరాకీ ఉండేది. నేను పడవల వాళ్ళకు వలలు బాగుచేస్తాను. గదిలో నాతో పాటు ఇద్దరు: జగిత్యాల వైపు నుంచి వచ్చిన షట్టరింగ్ కార్పెంటరు, ఒక అరబ్బు ఇంటివాళ్ళకు కారు నడిపే కడప వైపు హౌస్ డ్రైవరు. సముద్రం ఎరగని ఆ ఇద్దరికీ సముద్రమంటే నేనే. అందుకే కథ పెరుగుతూ వచ్చింది. ఒక శుక్రవారం దానికి మంటను కూడా చేర్చాను.

"సారా వస్తే మా తాత చెంచాలో పోసి వెలిగించేవాడు. మంట నీలంగా ఉంటే మంచి సరుకు. పచ్చగా ఉంటే సముద్రానికి."

మరుసటి శుక్రవారం పొద్దుటి నుంచీ దుమ్ముగాలి. పడవలన్నీ రేవులోనే ఉండిపోయాయి. కట్టిన తాళ్ళు ఆగకుండా కీచుమంటున్నాయి. మధ్యాహ్నం కార్పెంటరు చొక్కా లోపల దాచుకుని ఒక నీళ్ళ బాటిల్ తెచ్చాడు. అందులో ఉన్నవి నీళ్ళు కావు. తనకు రావలసిన సెలవును కంపెనీ ఆపేసిందని వారం రోజులుగా ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"ఎక్కడిదిరా?" అన్నాను.

"సైట్ల ఒకడిచ్చిండు. ఎవడని అడగకు కాకా."

మూత తీయగానే గదంతా పెయింటులో కలిపే నూనె వాసన. పక్క క్యాంప్‌లో ఇలాంటిదే తాగి పడుకున్నవాడు మళ్ళీ లేవలేదని ఆ వారమే విన్నాం. ఇక్కడ తాగినట్టు బయటికి పొక్కితే జైలు, ఆపైన దేశం దాటించడం. అందుకని ఆ చావును కూడా అందరూ గొంతు తగ్గించే చెప్పుకున్నారు.

డ్రైవరు మంచం మీద నుంచి చూస్తుండగానే కార్పెంటరు కిటికీ తెర లాగి, చెంచాలో కాస్త పోసి వెలిగించాడు. మంట నీలంగా, చప్పుడు లేకుండా లేచింది.

"చూసినవా కాకా. మీ తాత పాస్ చేసిండు."

"ఆగరా. ఆ మంట సంగతి నేను కల్పించింది. మా తాత అసలు ఓడే ఎక్కలేదు. రేవులో ఓడలకు తారు పూసేవాడు. తాగేవాడూ కాదు, వాసనకే కక్కుకునేవాడు."

వాడు నవ్వాడు. "వాటా కావాల్నంటే సక్కగ అడుగు కాకా. గీ అబద్ధం మంచిగ లేదు."

ఇన్నేళ్ళలో నేను చెప్పిన మొదటి నిజాన్ని వాడు నమ్మలేదు. నేను ఒక్క ఉదుటున లేచి బాటిల్‌ను కాలితో తన్నాను. అది గోడకు కొట్టుకుని ఒలికిపోయింది. ఒక్క చుక్క కూడా గొంతు దిగకుండా వాడు బతికిపోయాడు.

మొన్న గదిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంతవరకూ చెప్పేసరికి, పక్క మంచం మీద పడుకున్న డ్రైవరు లేచి కూర్చున్నాడు.

"యాడ తన్నినావు మామా? నువ్వు నిజం చెప్పేదానికి నసుగుతా ఉంటే వాడు రెండు గుక్కలు మింగినాడు. తన్నింది నేను. పోలీసులకు తెలుస్తాది, వద్దురా అని నువ్వు తలుపుకు అడ్డం నిలబడితే, నిన్ను తోసేసి వాణ్ణి కార్లో ఏసుకోని ఆస్పత్రికి పోయింది నేను. బతికినాడు, నిజమే. చూపు మాత్రం పోయింది. ఊర్లో చెయ్యి పట్టుకోని నడిపిస్తాండారంట. ఆ ముక్క కూడా చెప్పు."