అక్కాతమ్ముళ్ల మధ్య సిమెంటు షేర్లు

1994 వేసవి. తెనాలిలో మా ఆఫీసంటే బట్టల కొట్టు మీద ఒక గది, ఒక ఫ్యాను, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు రాసే నేను. బాపట్ల నుంచి సలోమి టీచర్ గారు వచ్చారు. ఆవిడ నాన్నగారు రేపల్లెలో రైల్వే గూడ్స్ క్లర్కుగా చేసి పోయారు. వీలునామాలో తమ్ముడికి అరెకరం, ఈవిడకు సిమెంటు కంపెనీ షేర్లు రాశారు. వాటిని అమ్మేసి, ఆ డబ్బుతో తానుంటున్న అద్దె ఇల్లే కొందామని ఆవిడ బయానా కూడా ఇచ్చేశారు.

"నాన్నగారు ఎప్పుడు కొన్నారమ్మా, ఎంతకు?"

"నాకేం తెలుసండి? నాకైతే ఊరికే వచ్చాయి. కొన్న ధర సున్నా అని వేసెయ్యండి సార్, పీడా పోతుంది!"

నాకు ఒళ్లు మండింది. సున్నా వేస్తే అమ్మిన సొమ్మంతా క్యాపిటల్ గెయిన్స్, అంటే లాభం కింద లెక్క. పన్ను పోగా మిగిలింది ఇంటికి చాలదు. వారసత్వపు షేర్లకు, కొన్నవాళ్ల ధరే మన ధర. 1981 ఏప్రిల్ ఒకటికి ముందే కొని ఉంటే ఆ రోజు మార్కెట్ ధర వేసుకోవచ్చు. ఆ ధర సంపాదించాను కానీ, ముందే కొన్నారన్న రుజువు లేదు. షేర్లు టీచర్ గారి పేరుకు మార్చినప్పుడు కంపెనీ పాత సర్టిఫికెట్లు తీసుకుని కొత్తవి ఇచ్చింది. పాత రిజిస్టర్లు దొరకలేదని ఉత్తరం రాసి చేతులు దులుపుకుంది.

మూడోసారి వచ్చినప్పుడు ఇద్దరం దిగాలుగా టీ తాగుతున్నాం. మాట నాన్నగారి మీదికి మళ్లింది.

"సొంతిల్లు లేదు గానీ షేర్లేంటని అమ్మ రోజూ సాధించేదండి. మా తమ్ముడైతే, నీకూ నాకూ మధ్య సిమెంటు పుట్టిందక్కా అని ఏడిపించేవాడు."

"అదేంటి?"

"ఇంటి బైబిల్ మొదటి పేజీలో పిల్లల పుట్టుకలు రాస్తారు కదండీ. షేర్లు కొన్నది కూడా అక్కడే రాశారు."

గ్లాసు కింద పెట్టేశాను. "మరి ఇన్నాళ్లూ తేలేదేంటమ్మా!"

"అయ్యో, అది దేవుని వాక్యమండి, చిట్టా పుస్తకమా?"

మర్నాడు తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. రిటర్ను వేసేముందు టాక్స్ ఆఫీసరు గారికి చూపించాం. పైన 1956లో సలోమి పుట్టుక, దాని కింద షేర్లు, ఆ కింద 1959లో తమ్ముడి పుట్టుక.

"తర్వాత ఇరికించడానికి ఇక్కడ జాగా ఎక్కడుంది?" అని ఆయన నవ్వారు. "అఫిడవిట్ జతచేసి వెయ్యండి." తర్వాత తేదీల మీద వేలు పెట్టి, "మీరు పుట్టిన పదో రోజునే కొన్నారమ్మా. మీకోసమే అయ్యుంటుంది" అన్నారు.

టీచర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "బతికుండగా ఒక్క మాట చెప్పొచ్చు కదండీ! తమ్ముడికి పొలం, నాకు కాగితాలూ అని ఎంత తిట్టుకున్నానో."

పన్ను కొద్దిపాటితో పోయింది. ఇల్లు రిజిస్టరైంది, మా ఆఫీసుకు అరిసెలు వచ్చాయి. అప్పటినుంచి వారసత్వపు షేర్లతో ఎవరొచ్చినా కాగితాలు తరవాత అడుగుతాను. ముందు టీ తెప్పించి, కొన్నాయన ఎలాంటివాడో చెప్పమంటాను.