మామయ్య రోత

మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేవాడు. మిషన్లున్నా, మరకలు పట్టినవాటిని ముందు చేత్తో జాడించాల్సిందే. రక్తం, చీము, నలుగురిలో చెప్పుకోలేనివి ఇంకెన్నో. వాటి ఊసు ఇంట్లో ఏనాడూ ఎత్తలేదు. కానీ ఇంటికొస్తే ప్రతిదీ రోతే. చల్లారిన టీ రోత, తడిసిన చెప్పులు రోత, పక్కింటి రేడియో రోత.

"నన్ను చేసుకున్ననాడు కూడా రోతేనా?" అని అత్తయ్య ఎత్తిపొడిచేది.

"నువ్వు కాదే, ఆ రోజు తొడిగిన బిగుతు చొక్కా" అనేవాడు.

ఆయన నోట్లో నాని నాని ఆ మాటకు పస పోయిందనుకున్నాం.

ఒకరోజు మాసిన దుప్పట్ల కోసం వార్డుకు వెళ్లాడు. లేవలేని ముసలాయన ఒకడు పక్క పాడుచేసుకున్నాడు. వార్డు సూపర్‌వైజరు ఆ దుప్పటిని ముసలాయన చేతుల్లోనే పెట్టి, పట్టుకు కూర్చోమన్నాడు. "బుద్ధి రావద్దూ?" అంటూ చుట్టూ చూసి నవ్వాడు. ముసలాయన తల దించుకుని అలాగే పట్టుకున్నాడు.

మామయ్య దుప్పటి లాగేసుకుని, బకెట్‌తో నీళ్లు తెచ్చి ఆయన చేతులు కడిగాడు. తర్వాత తిన్నగా పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లి జరిగింది చెప్పాడు.

"అతనికీ నీకూ పాత పగలేమైనా ఉన్నాయా?" అని అడిగిందావిడ.

"పగ లేదమ్మా. పగుంటే వాడు చెడిపోవాలని కోరుకుంటాను. కోపమూ కాదు, కోపమైతే రేపటికి దిగిపోతుంది. ఆ మనిషి నిలబడ్డచోట నిలబడలేను. రోత."

వార్డులో మిగతా రోగులూ అదే చెప్పడంతో సూపర్‌వైజర్ని మందుల గోదాములోకి మార్చారు. ఆనాటి నుంచి ఇంట్లో మామయ్య నోట ఆ మాట రాలేదు. టీ చల్లారితే "కాస్త వెచ్చబెట్టు" అనేవాడు. ముందు గమనించింది అత్తయ్యే.

కొన్నేళ్లకు ఆ సూపర్‌వైజరే పక్షవాతంతో అదే ఆసుపత్రిలో చేరాడు.

"పాపం, ఒక్కసారి చూసి రారాదూ? ఎంతైనా ఒకచోట పనిచేశారు" అంది అత్తయ్య.

"అతని దుప్పట్లు ఉతుకుతున్నాను, శుభ్రంగానే. మొహం చూడ్డం నావల్ల కాదు."

ఆమె బలవంతపెట్టలేదు. తనే వెళ్లి పళ్లిచ్చి వచ్చింది. మాట పడిపోయిందని, తనను చూసి ఏడ్చాడని చెప్పింది. మామయ్య విన్నాడు. భోజనం ముగించి లేచాడు.

కొన్నాళ్లకు సూపర్‌వైజరు కర్ర ఊతంతో ఇంటికి వెళ్లిపోయాడు. ఆ పూట మామయ్య ఆసుపత్రి ముందు గుమ్మం వైపు రాలేదు.