సుగుణ ఆపరేషన్ కాగితం మీద సంతకం

దయ్యాలంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. కానీ తొంభైల చివర్లో సూరత్‌లో జరిగిన ఈ సంగతి చెప్పాలంటే భయం కాదు, సిగ్గు అడ్డమొస్తుంది.

అప్పుడు అక్కడి తెలుగువాళ్ల వాడ సలాబత్‌పురాలో ఉండేవాళ్లం. నేను ఊరవతల సచిన్ పారిశ్రామికవాడలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాణ్ణి. నా భార్య సుగుణకు అన్నం తిన్న గంటకల్లా కుడి డొక్కలో నొప్పి లేచేది. స్కాన్ తీస్తే పిత్తాశయంలో రాళ్లన్నారు.

డాక్టర్ నన్నొక్కణ్ణే లోపలికి పిలిచి హిందీలో విడమరిచి చెప్పాడు. నొప్పి లేకపోతే ఈ రాళ్లను అలాగే వదిలేయవచ్చట. ఈమెకు మాటిమాటికీ వస్తోంది కాబట్టి ఆపరేషన్ చేయాల్సిందే. రాయి జారి అడ్డుపడితే కామెర్లు, ప్రాణానికే ముప్పు.

అంతకుముందు నాకు కిడ్నీలో రాయి వస్తే కొండపిండాకు కషాయం తాగాను, పడిపోయింది. అప్పట్నుంచి మా వాడకంతా నేనే పెద్ద వైద్యుణ్ణి. అది వేరు, ఇది వేరు అని డాక్టర్ మొత్తుకున్నా నా చెవికెక్కలేదు. బయట బెంచీ మీదున్న సుగుణతో, "ఆపరేషన్ గీపరేషన్ ఏం వద్దన్నడు. కషాయం తాగు, కరిగిపోతయి" అన్నాను.

పచ్చి అబద్ధం. పాపం, ముక్కు మూసుకుని ఇరవై రోజులు తాగింది. నొప్పికి మెలికలు తిరుగుతుంటే "జర ఓర్సుకో" అని పనికి పోయేవాణ్ణి. నా మాట తప్పని తేలుతుందని భయం, అంతే.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వస్తే ఇంటికి తాళం. పక్కింటామె వింతగా చూసింది. "ఏందన్నా, మధ్యాన్నం నువ్వే గదా ఆటోల దవాఖానకు తోల్కపోయినవు?"

ఆస్పత్రికి పరుగెత్తాను. సుగుణ కళ్లు పచ్చబడి ఉన్నాయి. మర్నాడే ఆపరేషన్ అన్నారు. నా చెయ్యి పట్టుకుని, "అబద్ధం చెప్పిన అని నువ్వే ఒప్పుకున్నవు గదా, గది చాలు. గట్ల ఏడుస్తరా ఎవలన్న?" అంది.

నేను ఏడవలేదు. ఏదీ ఒప్పుకోలేదు. ఆ పొద్దంతా నాలుగు సాంచాల మధ్యే ఉన్నాను. సాక్ష్యానికి హాజరు రాసిన మేస్త్రీ ఉన్నాడు, నాతో డబ్బా పంచుకుని తిన్నవాడు ఉన్నాడు. నర్సు ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం చూపించింది. అడుగున తెలుగులో నా సంతకమే, చివరి అక్షరం కింద నేను లాగే గీతతో సహా.

ఆపరేషన్ అయింది. ఇంకొక్కరోజు ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

వచ్చిందెవరో నాకు నేటికీ అంతుపట్టలేదు. సుగుణ మాత్రం చుట్టాలొచ్చినప్పుడల్లా, "మా ఆయన తప్పు చేసిండు, కానీ తనంతల తనే ఒప్పుకున్నడు. గసొంటోళ్లు ఎందరుంటరు?" అని మురిసిపోతుంది. నేను తల దించుకుంటాను. అందరూ అది అణకువ అనుకుంటారు.

ఒప్పుకున్నది నేను కాదని ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.