ఆయన ఆగిన చోటు

“నలుగురిలో నా పరువు తీసినావు వదినా. ఇంక నా గడప తొక్కద్దు.”

“ఆయ్తప్పా, సరే, తొక్కను.”

నాకూ నా మరిదికీ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవే. చెల్లీ, నువ్వు అతని భార్యవే, నా తోటికోడలివే, అయినా ఉన్నదున్నట్టు రాయి. నాకు సంతకం దాటి రాయడం రాదు కాబట్టి నీతో రాయిస్తున్నాను. నీ మొగుడి మాటలు మెత్తబరిచావో, ఊరుకోను.

గనులు జోరుగా నడిచిన రోజులవి. మా ఆయన గాంధీనగర్‌లో మా చర్చిలో కీబోర్డు వాయించేవాడు. మరిది ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టి, లారీ ఓనర్ల ఇళ్ల పెళ్లిళ్లకు పాటలు తయారు చేసేవాడు. ఒక ఆదివారం సాయంత్రం మా ఆయన, సంఘంలో అందరికీ వచ్చిన పాట ఒకటి ఆ కంప్యూటర్‌లోకి వాయించాడు. ఆ నెలలోనే గుండె ఆగి పోయాడు.

జ్ఞాపకార్థ కూడికలో ఆ వాయిద్యమే పెట్టి అందరం పాడదామని మరిది నన్ను పిలిచాడు. పాటను ఒక్కో వరసకు ఒక్కో డబ్బాగా కోసి పెట్టాడు. తెర మీద రంగు డబ్బాలు, వాటి నిండా చిన్న గీతలు.

“ఇది శబ్దం కాదు వదినా. అన్న వేలు ఎప్పుడు పడింది, ఎంతసేపు నొక్కినాడు, ఎంత గట్టిగా నొక్కినాడు, అంతే ఉండాది. శబ్దం మనకు కావాల్సింది పెట్టుకోవచ్చు.”

అంటే మనిషి మట్టిలో ఉన్నా వేళ్లు ఇక్కడే ఉన్నాయి. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

మరిది ఒక మీట నొక్కాడు. గీతలన్నీ బడిపిల్లల్లా వరసలో నిలబడ్డాయి. డబ్బాకూ డబ్బాకూ మధ్య ఉన్న ఖాళీ తీసేసి, వెనకదాన్ని ముందుదానికి ఆనించి పాట పెట్టాడు. వాయిస్తున్నది మా ఆయన కాదు. బస్సు అందుకోవాల్సిన మనిషెవరో.

“ఆ ఖాళీ యాడ పోయింది?”

“అన్న తాళం తప్పినాడు వదినా. సరిచేసినా.”

తప్పలేదు. చోరనూరు వైపు ఇనుప రాయి ఏరడానికి పోయే ఆడవాళ్లం మేము. ఎర్ర దుమ్ము మింగినవాళ్లం, చర్చిలో పాడేటప్పుడు వరస చివరికి వచ్చేసరికి దగ్గేవాళ్లం. నా గొంతు ఇలా గీరుకుపోయింది ఆ దుమ్ముతోనే. మా ఆయన వేళ్లు ఎత్తి, భుజం మీదుగా మా వైపు చూసి, దగ్గు తగ్గాకే తర్వాతి వరస ఎత్తుకునేవాడు. ఆ గదిలో ఒక్కడే కూర్చుని వాయించినప్పుడు కూడా ఆగాడు.

“ముందుమాదిరి చెయ్.”

“జనం నవ్వుతారు వదినా. పెద్దోళ్లను పిలిచినా.”

“నవ్వనీ. దగ్గేటోళ్లు నవ్వరు.”

“కంప్యూటర్ గూడా నేర్సినావా ఏంది?”

“నీ మాదిరి నేర్సలేదప్పా. ఇట్లే దాచిపెడితే పాతది ఉంటాదా?”

“ఉండదు.”

మౌసు లాక్కుని ఒళ్లో పెట్టుకున్నాను. నవ్వాడు, తిట్టాడు, చివరికి మీటలు నొక్కి అంతా వెనక్కి తెచ్చాడు. గీతలు మళ్లీ వంకరటింకరగా పడ్డాయి. పెన్‌డ్రైవ్‌లో వేయించుకునే దాకా కుర్చీ వదల్లేదు.

కూడికలో జరిగింది నువ్వూ చూశావు. లారీ ఓనర్లు ముందు కూర్చున్నారు. మొదటి వరస అయ్యాక వాయిద్యం ఆగింది. వాళ్లు ఆగకుండా పాడుకుంటూ పోయి, తమ గొంతులు తమకే వినపడి నోళ్లు మూసుకున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక మా ఆడవాళ్లు దగ్గారు, ఊపిరి తీసుకున్నారు, వాయిద్యం ఎత్తుకోగానే దాంతో కలిశారు. పాటంతా అలాగే సాగింది. మరిది ముఖం కందిపోయింది. గేటు దగ్గర నన్ను ఆపి ఆ మాట అన్నాడు.

పరువు పోయిందంటే పోయిందేమో, నేను తెచ్చివ్వలేను. ఇంకోసారి అడిగినా ఆ ఖాళీని ముట్టనివ్వను. ఈ నా ఇంటి గడప నువ్వు తొక్కద్దని మాత్రం నీ మొగుడు నీకు చెప్పలేకపోయాడు చూడు.

సరే, కాగితం ఎత్తు. మొదటి నుంచి చదివి వినిపించు. నీ మొగుడు అన్నది మింగకుండా.